అంటురోగం ఊళ్ళోకి వచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు



కరోనా సంగతి ఇప్పుడెందుకమ్మా, అయిపోయిన పెళ్ళికి మేళమా అని మీలో కొందరు అనుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారి అన్నది 2020 మార్చి 11న. అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది 2023 మే 5న. ముగిసింది అత్యవసర పరిస్థితే గానీ వైరస్సు కాదు; అది ఇంకా మన మధ్య తిరుగుతూనే ఉంది. దానికి ముందు 2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలోనే కోటి మందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. అంచేత ఇంకొకటి రాదని ఎవరూ రాసివ్వలేరు. వచ్చాక ఎవరికీ తీరికుండదు. రానప్పుడే నాలుగు మాటలు చెప్పుకోవాలి.

1918 జబ్బు ఇరవైకీ నలభైకీ మధ్య వయసువాళ్ళని ఎక్కువగా తీసుకుపోయింది. కరోనా అలా కాదు. చిన్నపిల్లల్ని చాలామటుకు వదిలిపెట్టి, అరవై దాటినవాళ్ళ మీద పడింది. వయసుతోపాటు ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి మందగిస్తుంది. కొత్త శత్రువుని పోల్చుకుని లేచి నిలబడేందుకు దానికి ఎక్కువ రోజులు పడుతుంది. దానికి తోడు చక్కెర జబ్బో, రక్తపోటో, గుండెజబ్బో, పాత ఆయాసమో ముందే ఉండనే ఉంటుంది. అందువల్ల ఈవేళ నేను మాట్లాడేది ముఖ్యంగా అరవై దాటిన అక్కయ్యలతోనూ, పిన్నిగార్లతోనూ. వాళ్ళని చూసుకునే కోడళ్ళూ, కూతుళ్ళూ కూడా పక్కన కూర్చుంటే మరీ మంచిది.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది జ్వరం గురించి. మన ఇళ్ళల్లో జబ్బంటే జ్వరమే. ఒళ్ళు కాలితే జబ్బు, కాలకపోతే నీరసం. పెద్దవాళ్ళ విషయంలో ఈ లెక్క పనికిరాదు. వాళ్ళ ఒంటి వేడి మామూలుగానే కొంచెం తక్కువ ఉంటుంది. లోపల రోగం ముదురుతున్నా థర్మామీటరులో పాదరసం పెద్దగా కదలకపోవచ్చు. మరి దేన్ని చూసి పోల్చుకోవాలీ? మనిషిలో మార్పుని చూసి. నిన్నటిదాకా పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, అందర్నీ తిట్టిపోసిన మామగారు ఇవాళ పేపరు మడతే విప్పరు. రోజూ తెల్లవారుజామునే లేచే అత్తగారు ఎనిమిదైనా మంచం దిగరు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోతారు. స్నానాలగదికి వెళుతూ గుమ్మం పట్టుకుని తూలతారు. లేదా, ఇది ఏ ఊరని అడుగుతారు. ఎప్పుడో పోయిన అక్కగారిని పేరు పెట్టి పిలుస్తారు.

చివరిది జరిగినప్పుడు మనం చేసే పని ఏమిటో తెలుసా? "పెద్దతనం, చాదస్తం వచ్చేసింది" అని పక్కకి తిరిగి పనిలో పడతాం. చాదస్తం ఒక్కరోజులో రాదండీ. నెలలూ ఏళ్ళూ పట్టి మెల్లిగా వస్తుంది. నిన్న బాగా ఉన్న మనిషి ఇవాళ తికమక పడుతున్నారంటే అది వయసు కాదు, జబ్బు. కరోనా కావచ్చు, న్యుమోనియా కావచ్చు, మూత్రంలో చీము కావచ్చు, చక్కెర పడిపోవడం కావచ్చు. ఏదైనా ఆ రోజే డాక్టరుకి తెలియాలి. ఈ ఉపన్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోగలనంటే ఇది గుర్తుంచుకోండి.

వాసన పోవడం కరోనా గుర్తుల్లో ఒకటని అప్పట్లో అందరూ విన్నారు. ఇంగువ పోపు ఘుమాయిస్తుంటే వీధిలోవాళ్ళకి తెలుస్తుంది గానీ పొయ్యి ముందున్న మనిషికి తెలియదు. అయితే వయసు మీరాక వాసనా రుచీ ఎటూ కొంత తగ్గుతాయి కాబట్టి పెద్దవాళ్ళలో దీన్ని నమ్ముకోలేం. "కూరలో ఉప్పు లేదేమిటే" అని రోజూ అనే మనిషి ఇవాళా అదే అంటే ఏం పోల్చుకుంటాం!

ఇక ఆక్సిజను సంగతి. పల్స్ ఆక్సీమీటరని, ఆరేసిన బట్టలకి పెట్టే క్లిప్పులాంటి చిన్న పరికరం ఉంటుంది. 2020కి ముందు ఆస్పత్రిలో తప్ప చూడనివాళ్ళం, ఆ తరువాత థర్మామీటరు పక్కన పెట్టుకున్నాం. కరోనాలో ఒక మాయ ఉంది. ఆయాసం రాకుండానే రక్తంలో ఆక్సిజను పడిపోతుంది. మనిషి కబుర్లు చెబుతూనే ఉంటారు, అంకె మాత్రం దిగిపోతూ ఉంటుంది. అందుకే ఆ పరికరం. వేలికి పెట్టే ముందు గోళ్ళరంగు తీసెయ్యాలి. గోరింటాకు బాగా పండిన వేలైతే వేరే వేలు చూసుకోండి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చచెయ్యండి. పెట్టాక అంకె నిలకడగా నిలిచేదాకా, ఒక నిమిషం పాటు, కదలకుండా కూర్చోవాలి.

95 నుంచి 100 దాకా ఉంటే మామూలు. 94కి దిగితే ఆ రోజే డాక్టరుకి చెప్పాలి. 90కి దిగిందంటే ఫోనులో మాటలతో పని లేదు, బండి కావాలి. 108కి ఫోను చెయ్యండి. ఓపిక ఉన్నవాళ్ళు గదిలోనే మెల్లిగా కాసేపు నడిచి మళ్ళీ చూసుకోవచ్చు. నడవగానే మూడు నాలుగు అంకెలు పడిపోతే, కూర్చున్నప్పుడు బాగున్నా సరే, ఊరుకోకూడదు. చామనచాయ, నలుపు ఒళ్ళు ఉన్నవాళ్ళకి ఈ పరికరం ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపించవచ్చునని తేలింది. మన ఒళ్ళు చాలామటుకు అవే కదా! కాబట్టి ఒక్క అంకెను చూసి మురిసిపోకుండా, పొద్దుటికీ సాయంత్రానికీ ఎటు పోతోందో కాగితం మీద రాసుకోవాలి. ఎప్పట్నుంచో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకి మామూలుగానే అంకె తక్కువ ఉంటుంది. వాళ్ళు ఒంట్లో బాగున్న రోజునే ఎంత ఉందో చూసి గోడ కాలెండరు మీద రాసిపెట్టుకుంటే మంచిది.

కరోనాలో మొదటి మూడు నాలుగు రోజులూ తేలిగ్గా గడిచి, తరువాత ముదరడం చాలామందిలో చూశారు. అయిదో రోజు నుంచి పదో రోజు దాకా కళ్ళలో వత్తులు వేసుకుని చూడాలి. "జ్వరం తగ్గిపోయిందిగా" అని పరికరం బీరువాలో పెట్టేసేది సరిగ్గా ఆ రోజుల్లోనే.

2021 ఏప్రిల్, మే నెలల్లో మంచాలు దొరక్క జనం ఎంత అల్లాడారో చెప్పక్కరలేదు. అప్పుడు ప్రభుత్వం వైద్యుల చేత చెప్పించిన ఉపాయం ఒకటుంది, బోర్లా పడుకోవడం. మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటి రెండు దిళ్ళు, కాళ్ళ కింద రెండు దిళ్ళు. బోర్లా పడుకుంటే ఊపిరితిత్తుల వెనకభాగం బాగా విచ్చుకుంటుంది. భోజనం చేసిన గంట దాకా పడుకోకూడదు. గుండెజబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ళూ, వెన్నెముకో తుంటో విరిగినవాళ్ళూ అసలు చెయ్యకూడదు. ఇది ఆస్పత్రికి బదులు కాదు సుమండీ, ఆస్పత్రికి చేరేలోగా చేసేది.

ఇప్పుడు పెద్దవాళ్ళతో ఒక మాట. ఒంట్లో బాగుండకపోతే చెప్పరు మీరు. పిల్లలకి శ్రమ అని చెప్పరు, డబ్బు ఖర్చని చెప్పరు. 2020లో ఇంకో భయం కూడా పట్టుకుంది. చెబితే తీసుకుపోతారు, ఒక్కదాన్నే ఎక్కడో పడేస్తారు, మళ్ళీ ఇంటి గుమ్మం చూడనేమో అని. ఆ భయం ఉత్తది కాదు, ఎన్నో ఇళ్ళల్లో అలాగే జరిగింది కూడాను. కానీ దాచిన ప్రతి రోజూ ఆ భయాన్నే నిజం చేస్తుంది. తొందరగా చెప్పినవాళ్ళలో చాలామంది ఇంట్లోనే, సొంత మంచం మీదనే గట్టెక్కారు. దాచి దాచి ఆయాసం ఎక్కువయ్యాక చెప్పినవాళ్ళనే బండి ఎక్కించవలసి వచ్చింది. ఇంటి గుమ్మం వదలకూడదంటే ఇవాళే చెప్పాలి.

పిల్లలకి చెప్పేది ఇంకోటుంది. ఆస్పత్రికి వెళ్ళవలసి వస్తే ఎలాగని పెద్దవాళ్ళని ముందే అడగండి. ఏ ఆస్పత్రి, ఎవరు వెంట ఉండాలి, ఎక్కడిదాకా వైద్యం కావాలి, ఎవరితో ఫోనులో మాట్లాడాలి. "అపశకునం మాటలెందుకు" అని మనం నోరు నొక్కేస్తాం గానీ, అడిగితే పెద్దవాళ్ళు చక్కగా, తడుముకోకుండా చెబుతారు. వాళ్ళు ఆ విషయం మనకంటే ఎక్కువసార్లే ఆలోచించి ఉంటారు.

ఒక సంచీ సిద్ధం చేసి ఉంచండి. అందులో వేసుకునే మందులన్నీ, మోతాదుతో సహా రాసిన కాగితం. పడని మందు ఏదైనా ఉంటే దాని పేరు పెద్ద అక్షరాలతో. ఆరోగ్యశ్రీ కార్డు, ఆధారు కార్డు నకళ్ళు. ఇద్దరు ముగ్గురి ఫోను నంబర్లు కాగితం మీద రాసినవి, ఎందుకంటే ఫోనులో చార్జింగ్ అయిపోతే అందులో ఉన్న నంబర్లన్నీ దండగే. ఫోను, దాని చార్జరు. ఇక అందరూ మరిచిపోయేవి మూడున్నాయి: కళ్ళద్దాలు, చెవిటి మిషను, కట్టుడుపళ్ళ డబ్బా. ఈ మూడింటి మీదా పేరు రాసి అంటించాలి. ముఖానికి ముసుగులు వేసుకుని, ఒకేలాంటి బట్టలు తొడుక్కున్న మనుషుల మధ్య, కళ్ళద్దాలు లేక, చెవులు వినపడక పడి ఉంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకే మతి చలిస్తుంది. రోగంతో ఉన్న ఎనభై ఏళ్ళ మనిషి సంగతి చెప్పాలా? తికమక ఎక్కువైతే అన్నం తినరు, మందు మింగరు, మంచం దిగి పడతారు. కళ్ళద్దాలు పెట్టుకోవడం కూడా వైద్యంలో భాగమే.

మాస్కుల గురించి మీకు కొత్తగా చెప్పేది తక్కువ. ముక్కు బయట పెట్టి మూతికి మాత్రం కట్టుకుంటే లాభం లేదు. జనంలోకి వెళ్ళినప్పుడు ఎన్-95 అన్నిటికంటే నయం, లేకపోతే మూడు పొరలది. చెవిటి మిషను పెట్టుకునేవాళ్ళు మాస్కు తీసేటప్పుడు జాగ్రత్త, తాడుతోపాటు మిషను ఊడిపడుతుంది. తల వెనక కట్టుకునే రకమైతే ఈ గొడవ ఉండదు. చేతులు సబ్బుతో ఇరవై సెకన్లు రుద్దాలి.

గాలి సంగతి మాత్రం కొంచెం చెప్పాలి. మొదట్లో మనం కూరగాయల్ని సబ్బునీళ్ళతో కడిగాం, పాల ప్యాకెట్లని ఎండలో పెట్టాం. తరువాత శాస్త్రజ్ఞులు తేల్చింది ఏమిటంటే, ఈ వైరస్సు వస్తువులకంటే ఎక్కువగా గాలి ద్వారానే అంటుకుంటుందని. మన పెద్దమ్మలకి మడి బాగా తెలుసు. ఒకరినొకరు తాకకుండా రోజంతా గడపగలరు. కానీ మడి ముట్టుకోవడానికి అడ్డం గానీ, గాలికి అడ్డం కాదు. తలుపులూ కిటికీలూ బిగించిన గదిలో ఆరడుగుల దూరాన కూర్చున్నా, ఒకరు వదిలిన గాలే ఇంకొకరు పీలుస్తారు. రెండు వైపులా కిటికీలు తీసి, గాలి ఆడనివ్వాలి. చుట్టాలు వస్తే వసారాలోనో, మేడమీదనో, వేపచెట్టు కిందనో కూర్చోబెట్టండి. ఏ.సి. వేసి తలుపులు మూసిన గది అన్నిటికంటే చెడ్డది. జబ్బుపడ్డవాళ్ళ కంచాలూ గ్లాసులూ పారెయ్యక్కరలేదు, సబ్బూ నీళ్ళూ చాలు. కంచం గుమ్మంలో పెట్టి కుక్కకి పెట్టినట్టు పరుగెత్తడం కూడా అక్కరలేదు. మాస్కు కట్టుకుని, కిటికీ తీసి, "తింటున్నావా అమ్మా" అని రెండు నిమిషాలు మాట్లాడితే ఎవరికీ ఏం కాదు.

టీకాల విషయానికొస్తే, మన దేశంలో అరవై దాటినవాళ్ళకి కరోనా టీకా 2021 మార్చి 1న మొదలయింది. అదనపు మోతాదు 2022 జనవరి 10 నుంచి. టీకా వేసుకున్నా జబ్బు రావచ్చు. కాకపోతే ప్రాణం మీదికి రావడం బాగా తగ్గుతుంది. ఏటేటా వేసుకునే ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా అని మరో రెండున్నాయి. పెద్దవాళ్ళకి ఇవి మంచివని డాక్టర్లు చెబుతున్నా, మనకి ఈ సంగతి పెద్దగా పట్టదు. మనవడి టీకాల కార్డు పదిలంగా దాచే ఇంట్లో తాతగారికి ఏ కార్డూ ఉండదు. ఈసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు అడగండి.

మందుల దగ్గర జరిగే పొరపాట్లు రెండు రకాలు. వేసుకునేవి మానెయ్యడం ఒకటి. 2020 మొదట్లో కొన్ని రకాల బి.పి. మాత్రలు కరోనాని పెంచుతాయని పుకారు పుట్టింది. గుండె వైద్యుల సంఘాలన్నీ మానవద్దని మొత్తుకున్నాయి. డాక్టరు చెప్పకుండా బి.పి.వి గానీ, చక్కెరవి గానీ, రక్తం పలచబడడానికి ఇచ్చేవి గానీ ఒక్క పూటైనా మానకండి. ఒకేసారి నెలకి సరిపడా తెచ్చి ఉంచుకుంటే మందుల షాపుకి నాలుగుసార్లు తిరిగే పని తప్పుతుంది.

రెండోది, అక్కరలేనివి వేసుకోవడం. పక్కింటాయన చీటీ చూసి స్టిరాయిడు మాత్రలు కొనుక్కున్నవాళ్ళు ఎంతమందో! ఆక్సిజను అవసరమైన రోగికి ఆ మందు ప్రాణం పోస్తుంది. ఆక్సిజను బాగా ఉన్నవాళ్ళకి మేలు చెయ్యకపోగా, చక్కెరని ఆకాశానికి ఎక్కిస్తుంది. 2021లో వచ్చిన బ్లాక్ ఫంగస్ గుర్తుందా? అది ఎక్కువగా చక్కెర అదుపులో లేనివాళ్ళకీ, స్టిరాయిడు వాడినవాళ్ళకీ పట్టుకుంది. ఆ సంవత్సరం మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ప్రతి ఆస్పత్రీ తప్పకుండా తెలియజెయ్యవలసిన వ్యాధిగా ప్రకటించింది. ముఖంలో ఒకవైపే నొప్పి, ముక్కులోంచి నల్లగా కారడం, కన్ను వాయడం, ఒకటి రెండుగా కనిపించడం, ఉన్నట్టుండి పళ్ళు కదలడం, వీటిలో ఏది వచ్చినా గంటలు లెక్కపెట్టుకోవలసిన జబ్బు అది.

అదే మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో మూలికల మందు కోసం వేలమంది చేరారు. ఆ మందు మాట నేనెత్తను. ఎండలో, తోపుడులో, ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడ్డ ఆ వరస మాత్రం పెద్దవాళ్ళకి మందు కాదు. ఇంట్లో కాచుకునే మిరియాల కషాయం గొంతుకి హాయిగానే ఉంటుంది, రోజుకో గ్లాసుడు తాగండి. నాలుగైదుసార్లు తాగి కడుపులో మంట తెచ్చుకుని అన్నం మానేస్తే మాత్రం లాభం కంటే నష్టమే. ఆవిరి పట్టడం వైరస్సుని చంపదు. మరుగుతున్న గిన్నె మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న ముసలిచేతులు వణికితే ఒళ్ళు కాలుతుంది.

ఇంత చెప్పాక "అయితే మా అమ్మని గదిలోంచి కదలనివ్వం" అంటారేమో. అదీ తప్పే. పది రోజులు మంచం మీదే ఉంటే పాతికేళ్ళవాళ్ళు మళ్ళీ తేరుకుంటారు. డెబ్భై ఏళ్ళవాళ్ళకి కరిగిపోయిన కండ అంత సులువుగా తిరిగి రాదు. జబ్బుతో కాకపోయినా కాళ్ళ సత్తువ పోయి పడిపోతారు, తుంటి విరుగుతుంది. ఇల్లు కదలకపోయినా రోజుకి నాలుగైదుసార్లు వరండాలో పచార్లు చెయ్యాలి. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవడం, కూర్చోవడం పదేసిసార్లు చెయ్యాలి. చారన్నంతో సరిపెట్టకుండా పప్పు, గుడ్డు, పెరుగు రోజూ ఏదో రూపంలో పడాలి. పెద్దవాళ్ళకి దాహం సరిగ్గా తెలియదు. అడిగితే ఇద్దామని ఊరుకోక, మజ్జిగో నీళ్ళో చేతికందించాలి. గుండెకో మూత్రపిండాలకో నీళ్ళు తగ్గించమన్నవాళ్ళ సంగతి వేరు.

మాటల లోటు కూడా ఒంటిని తినేస్తుంది. గుడి లేదు, అరుగు లేదు, పేరంటం లేదు, రోజంతా టీ.వీ.లో చచ్చిపోయినవాళ్ళ లెక్కలు. ఆ పెట్టెని రోజుకి అరగంటకంటే ఎక్కువ పెట్టకండి. దూరాన ఉన్న కొడుకు ఆదివారం గంటసేపు మాట్లాడేకంటే, రోజూ ఒకే వేళకి అయిదు నిమిషాలు మాట్లాడడం మేలు. ఆ వేళకోసం ఎదురు చూడడమే వాళ్ళకి ఒక పని. పైగా ఒకరోజు గొంతులో తేడా ఉంటే వెంటనే తెలుస్తుంది. ఎవరూ లేనివాళ్ళు 14567కి ఫోను చెయ్యవచ్చు. అది వృద్ధుల కోసమే పెట్టిన ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు. మనసు మరీ కుంగిపోతే 14416 ఉంది, ఏ వేళనైనా పలుకుతారు. నవంబరు నెలలో పింఛనుదార్లు బతికున్నట్టు రుజువు చూపించుకోవడానికి బ్యాంకులో వరస కట్టనక్కరలేదు. కొద్దిపాటి రుసుము తీసుకుని పోస్టుమాన్ ఇంటికే వచ్చి ఆ పని చేసిపెడతాడు. పోస్టాఫీసులో కనుక్కోండి.

జబ్బు తగ్గిందన్నాక కూడా నెల, రెండు నెలలు నీరసం ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం, మాట మధ్యలో పేర్లు మరిచిపోవడం, నిద్ర పట్టకపోవడం. బద్ధకమని విసుక్కోకండి. మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి వసారాకి, వసారా నుంచి వీధి చివరికి, ఇలా రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ పోవాలి. ఛాతీలో నొప్పి, ఒక్క కాలే వాయడం, తగ్గిన ఆయాసం మళ్ళీ తిరగబెట్టడం కనిపిస్తే మాత్రం ఆగకుండా ఆస్పత్రికే. మొదటి నెలలో డాక్టరుకి చూపించేటప్పుడు పాత మందులచీటీ కూడా పట్టుకెళ్ళండి. జబ్బులో బరువు తగ్గినవాళ్ళకి పాత మోతాదు బి.పి. మాత్ర ఎక్కువైపోయి, లేచి నిలబడగానే కళ్ళు తిరగవచ్చు. అలా తిరుగుతుంటే మాత్ర మీరే మానెయ్యక, పడుకున్నప్పుడొకసారి, నిలబడ్డాక ఒకసారి బి.పి. చూడమని డాక్టరుగారిని అడగండి.